మెండోసాలో ఆదివారం భోజనం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం. వక్త 1985 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి, ఇంజనీరు.)



మన సంఘం కార్యదర్శి గారు పోయిన నెల ఫోన్ చేసి, "నువ్వు దక్షిణ అమెరికాలో నాలుగేళ్లు ఉండి వచ్చినావు గదా, ఆ కబుర్లు చెప్పు, పిల్లకాయలు వింటారు. ఇంజనీరింగ్ మాత్రం వద్దు. పోయినసారి ఒకాయన ట్రాన్స్‌ఫార్మర్ గురించి ముప్పావుగంట మాట్లాడినాడు" అన్నారు. ఆ షరతుకు ఒప్పుకునే వచ్చాను. ఈరోజు తిండి గురించి చెప్తాను. తాగుడు గురించి కూడా చెప్తాను. బడి ఆవరణలో ఆ రెండో మాట ఎత్తాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఎత్తకపోతే నేను చెప్పాల్సింది చెప్పినట్టు కాదని చివరికి తేల్చుకున్నాను.

అర్జెంటీనాలో మెండోసా అనే ఊరు. 2009 నుంచి 2013 దాకా అక్కడున్నాను. జలవిద్యుత్ కేంద్రాల్లో టర్బైన్ల వేగాన్ని అదుపు చేసే పరికరాలు అమర్చడం మా కంపెనీ పని. ఇంజనీరింగ్ ఇంతటితో సమాప్తం. మా ఆవిడ ఉద్యోగం, పాప చదువు హైదరాబాదులో. వాళ్లు సెలవులకు వచ్చి పోయేవాళ్లు. మిగతా రోజులు నేనొక్కణ్ణే.

రాజధాని బ్యూనస్ ఎయిర్స్ నుంచి పడమరగా వెయ్యి కిలోమీటర్లు పోతే, ఆండీస్ కొండల కింద ఉంటుంది మెండోసా. ఆ కొండల్లోనే అకొంకాగువా శిఖరం ఉంది. ఎత్తు 6,961 మీటర్లు, ఆసియా వదిలేస్తే ప్రపంచంలో అంత ఎత్తైన కొండ ఇంకోటి లేదు. ఊళ్లో ఏడాదికి పడే వాన రెండు వందల మిల్లీమీటర్ల చిల్లర. మన జిల్లాలో ఒక్క తుపానుకు రెండు రోజుల్లో పడేంత. కానీ ఊరంతా చెట్లే. ప్రతి వీధికి రెండు వైపులా కాలవలు. వాటిని అసెకియాలంటారు. కొండల మీద కరిగిన మంచునీళ్లు ఆ కాలవల్లో వచ్చి చెట్ల మొదళ్లు తడిపి పోతుంటాయి. 1861లో భూకంపం వచ్చి ఊరు నేలమట్టమైతే, మళ్లీ కట్టేటప్పుడు వీధులు వెడల్పుగా వేసి, పెద్ద పెద్ద మైదానాలు వదిలారు, మళ్లీ భూమి కదిలితే జనం పరిగెత్తి వచ్చి నిలబడడానికి. ఆ రాష్ట్రం మొత్తం భూమిలో సాగునీళ్లు అందేది నూటికి ఐదు పాళ్ల లోపే. మిగతాదంతా ముళ్ల పొదల ఎడారి. ఆ కాస్త నేలలోనే దేశంలో తయారయ్యే వైన్‌లో మూడింట రెండు వంతులకు పైగా పుడుతుంది.

ఇప్పుడు తిండి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఊరు ఊరంతా షట్టర్లు దించేస్తుంది. అన్నం తిని నిద్రపోయి ఐదింటికి మళ్లీ తెరుస్తారు. రాత్రి భోజనం పది దాటాకే. నేను వెళ్లిన మొదటి వారం ఎనిమిదింటికి హోటలుకు పోతే, వంటవాడు ఇంకా ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఈయనకు ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు నా వైపు చూశాడు.

అక్కడ ఆదివారం అంటే అసాదో. కట్టెలు కాల్చి, నిప్పులు పక్కకు లాగి, ఇనప చువ్వల మీద మాంసం పెట్టి గంటల తరబడి నిదానంగా కాలుస్తారు. ఉప్పు తప్ప మసాలా లేదు. ఎక్కువ భాగం గొడ్డుమాంసం. నాకది అలవాటు లేదు. మొదట్లో ఆ మాట చెప్పడానికి మొహమాటపడి రొట్టె, టమాటా ముక్కలు తిని లేచేవాణ్ణి. ఒకరోజు ధైర్యం చేసి చెబితే, "ముందే చెప్పొచ్చు గదయ్యా" అని మరుసటి ఆదివారం మేకపిల్లను కాల్చారు. ఆ రాష్ట్రం దక్షిణాన మలార్గే అని ఊరుంది, మేకపిల్ల మాంసానికి పేరు మోసింది. మన వేటమాంసమే, కారం లేదంతే. బజారులో ఎండుమిరప పొడి కొని జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణి.

మన నాలుకకు దగ్గరగా వచ్చేవి కూడా ఉన్నాయి. దుల్సే దే లెచే అని పాలు, చక్కెర కలిపి ఎర్రగా మరిగిస్తారు, మన పాలకోవాకు చెల్లెలు. లేత మొక్కజొన్నలు రుబ్బి, ఆ పొత్తు రేకుల్లోనే కట్టి ఉడికిస్తారు, ఉమితా అంటారు. ఎప్పుడైనా వానపడితే చాలు, ఇంటింటా నూనె మూకుడు పెట్టి సోపైపీయాలు వేయిస్తారు, మనం వానకు బజ్జీలు వేసుకున్నట్టు. ప్రతి నెలా 29వ తేదీన ఉడికించిన బంగాళాదుంపతో చేసే న్యోకీలు తింటారు. తినేటప్పుడు పళ్లెం కింద ఒక నోటు పెట్టుకుంటారు, వచ్చే నెల డబ్బుకు ఇబ్బంది ఉండకూడదని. నేనున్న కాలంలో ధరలు నెలనెలా పెరుగుతుండేవి. హోటళ్లలో మెనూ కార్డు మీద పాత ధర కనపడకుండా కాగితం ముక్కలు అంటించేవాళ్లు. "ఇంకా పెద్ద నోటు పెట్టాల్సిందేమో" అని నవ్వుకునేవాళ్లం.

నన్ను నిజంగా పరీక్షించింది మాతే. అదొక ఆకు. ఎండబెట్టి, పొడి చేసి, చిన్న సొరకాయ బుర్రలో నింపి వేడినీళ్లు పోస్తారు. అందులో ఒకటే లోహపు గొట్టం. ఒకరు పీల్చి ఇచ్చాక మళ్లీ నీళ్లు పోసి, అదే గొట్టంతో రెండో వాళ్లకు ఇస్తారు. ఆఫీసులో పదిమందిమి ఉంటే పదిమందికీ అదే గొట్టం. మా అమ్మ అన్నం కలిపిన చేత్తో నీళ్ల చెంబు ముట్టుకుంటేనే కసిరేది. ఆ ఎంగిలి భయంతో నేను మొదటి రోజే మర్యాదగా "గ్రాసియాస్" అన్నాను. అక్కడ మాతే దగ్గర ఆ మాటకు "ఇక చాలు, నాకొద్దు" అని అర్థం. నెల రోజుల పాటు నాకెవరూ ఇవ్వలేదు. పొద్దున పదింటికి అందరూ ఒకచోట చేరేవాళ్లు, నేను నా కుర్చీలో కూర్చుని కంప్యూటరు చూస్తుండేవాణ్ణి. నెల తర్వాత నేనే లేచిపోయి చెయ్యి చాపాను. చేదుగా ఉంది. ఆ రోజు నుంచి నాకు స్పానిష్ రావడం మొదలైంది.

ఇక వైన్. ఆ దేశంలో 1970 ప్రాంతంలో సగటున మనిషికి ఏడాదికి దాదాపు తొంభై లీటర్ల వైన్ తాగేవాళ్లు. ఇప్పుడది బాగా పడిపోయి ఇరవై లీటర్ల లోపే ఉంది. నేనక్కడ ఉండగానే, 2010 నవంబరులో, అక్కడి ప్రభుత్వం వైన్‌ను జాతీయ పానీయంగా ప్రకటించింది. మెండోసాలో పండే మాల్బెక్ అనే నల్ల ద్రాక్ష వాళ్లది కాదు, ఫ్రాన్సు నుంచి వచ్చింది. 1853లో పూజే అనే ఫ్రెంచి వ్యవసాయ నిపుణుణ్ణి పిలిపించి తోటల బడి పెట్టిస్తే, ఆయన తెచ్చిన మొక్కల్లో అదొకటి. పుట్టింట్లో కంటే ఆ కొండల కిందే అది బాగా పండింది.

అలాంటి ఊళ్లో చుక్క ముట్టని మనిషిగా నాలుగేళ్లు బతికాను. ఎందుకో ఈ సభలో పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు. చిన్నవాళ్ల కోసం చెప్తాను.

మా నాయన చెరువు కింద రెండెకరాలు కౌలుకు చేసేవాడు. మంచి సేద్యగాడు. సాయంత్రమైతే సారా అంగడి. ఎనభైలలో వరుణ వాహిని అని సర్కారే సారాయిని పాకెట్లలో నింపి పల్లె పల్లెకూ పంపింది. మా ఊళ్లో మంచినీళ్ల కుళాయి రాకముందే పాకెట్టు వచ్చింది. నేను పదో తరగతి పరీక్ష ఫీజు కట్టడానికి దాచిన డబ్బు ఒక రాత్రి కనపడలేదు. మరుసటి రోజు మా తెలుగు అయ్యవారు కట్టారు. ఆయన ఇప్పుడు లేరు. నేను ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతుండగా మా నాయన కాలేయం చెడి పోయాడు. నలభై ఆరేళ్లు.

1991లో మన జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రిబడిలో మా అమ్మ సంతకం నేర్చుకుంది. ఆ వాచకంలో సారా వల్ల చెడిన కాపురం మీద ఒక పాఠం ఉండేది. దూబగుంటలో రోశమ్మ గారు, ఆమెతోటి ఆడవాళ్లు అంగడి మూయించారని తెలిశాక, 1992లో మా ఊరి ఆడవాళ్లు కూడా చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా అంగడి ముందు కూర్చున్నారు. ముందు వరుసలో మా అమ్మ. నేను ఉద్యోగం కోసం తిరుగుతూ ఇంటికి వచ్చి ఉన్నాను. "నాయన పోయి మూడేళ్లాయె, ఇప్పుడెందుకుమా నీకిది" అన్నాను. "నా మొగుడు పొయ్యినాడు సరే, ఎదురింటామె మొగుడు ఉండాడు గదా" అంది. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ సంగతి మీకు తెలిసిందే. ఆ 1992లోనే అమ్మ నా చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. నేను ఒట్టేశాను.

మెండోసాలో నేను అద్దెకున్న ఇంటి ఓనరమ్మ యాభై ఏళ్ల మనిషి. రెండో ఆదివారమే నన్ను వాళ్ల నాన్న తోటకు భోజనానికి తీసుకుపోయింది. తోట అంటే మూడు హెక్టార్ల ద్రాక్ష, మన లెక్కన ఏడెకరాల పైన. ఎనభై దగ్గర పడిన ముసలాయన. అందరూ ఆయన్ని అబువెలో అనేవాళ్లు, తాత అని. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. చెట్టు కింద పొడుగాటి బల్ల, పదిహేనుమంది. పిల్లలు, మనవళ్లు, అల్లుళ్లు, పక్కింటివాళ్లు. ప్రతి పళ్లెం ముందు ఒక గ్లాసు. తాత నా గ్లాసులో వైన్ పోయబోతే చేయి అడ్డం పెట్టాను. బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. జబ్బా అని అడిగారు, కాదన్నాను. మతమా అన్నారు, కాదన్నాను. అప్పటికి నాకొచ్చిన స్పానిష్‌లో "మా అమ్మ" అని మాత్రం చెప్పగలిగాను. తాత సీసా దించి, సోడా బుడ్డి తీసి నా గ్లాసు నింపాడు. "అమ్మ అంటే సరే" అన్నాడు. నాలుగేళ్లలో మళ్లీ ఎవరూ అడగలేదు. కానీ ప్రతి ఆదివారం నా ముందు గ్లాసు పెట్టేవాళ్లు, సోడా పోసేవాళ్లు. కాల్చిన ఆయనకు చప్పట్లు కొట్టాక అందరితోపాటు నేనూ గ్లాసెత్తేవాణ్ణి.

నిజం చెప్పాలంటే మొదటి ఆర్నెల్లూ ఆ బల్ల దగ్గర నాకు ఊపిరాడేది కాదు. ఆ వాసన తగిలితే మా నాయన గుర్తొచ్చేవాడు. ఎవరైనా గట్టిగా నవ్వితే, ఇక ఇప్పుడు గొడవ మొదలవుతుందని వీపు బిగుసుకునేది. మొదలయ్యేది కాదు. తాత ఒక గ్లాసులో సగం వైన్, సగం సోడా పోసుకుని రెండు మంచుముక్కలు వేసుకుని గంటన్నర తాగేవాడు. అన్నం అయ్యాక అక్కడ ఎవరూ లేవరు. బల్ల దగ్గరే కూర్చుని సాయంత్రం దాకా మాట్లాడుకుంటారు. ఆ కూర్చోవడానికి వాళ్ల భాషలో సోబ్రెమెసా అని ఒక పేరే ఉంది. మాటలు సాగుతుంటే గ్లాసు సంగతి మరిచిపోయేవాళ్లు.

తాతకూ నాకూ స్నేహం కుదిరింది వైన్ వల్ల కాదు, నీళ్ల వల్ల. అక్కడ పొలానికి నీళ్లు వంతు ప్రకారం వస్తాయి. వంతు అర్ధరాత్రి పడితే అర్ధరాత్రే పార పట్టుకుని పోవాలి. తూము తలుపులు ఎత్తే మనిషిని తొమేరో అంటారు. మన చెరువు కింద నీరు కట్టే మనిషి చేసే పనే. 1884లో చేసిన నీటి చట్టం ఇప్పటికీ నడుస్తోంది. నీటి హక్కు భూమితోనే ఉంటుంది, భూమిని వదిలి నీళ్లను విడిగా అమ్మడానికి లేదు. కాలవ మీద పెద్దమనిషిని ఆ కాలవ రైతులే ఎన్నుకుంటారు. మా నాయనతో చిన్నప్పుడు రాత్రిళ్లు లాంతరు పట్టుకుని గట్ల మీద తిరిగిన సంగతి చెబితే, తాత తన వంతు రాత్రుల్లో నన్ను పిలవడం మొదలుపెట్టాడు. చలికాలం గట్టు మీద ఇద్దరం మాతే తాగుతూ కూర్చునేవాళ్లం. ఎంగిలి పట్టింపు అప్పటికి పోయింది. మా నాయన గురించి తాగుడు తప్ప వేరే సంగతులు నేను చెప్పింది ఆ గట్టు మీదే. గనిమ ఎంత నున్నగా చెక్కేవాడో, మడికి నీళ్లు కడితే ఎంత సమంగా పారేవో. అప్పటిదాకా మా ఇంట్లో కూడా ఆ మాటలు ఎవరితోనూ అనలేదు.

కార్యదర్శి గారూ, క్షమించాలి, ఒక్క నిమిషం ఇంజనీరింగ్. తాత ఇంటికోసం కొంచెం వైన్ చేసుకునేవాడు. తొక్కిన ద్రాక్ష పులిసేటప్పుడు వేడి పుడుతుంది. ముప్పై ఐదు డిగ్రీలు దాటితే ఈస్టు చచ్చి పులియడం సగంలో ఆగిపోతుంది. ఆయన చెయ్యి పెట్టి చూసి, రాత్రంతా లేచి తడి గోనెలు కప్పేవాడు. నేనొక థర్మోస్టాట్, చిన్న పంపు, రాగి గొట్టం చుట్ట అమర్చి పెట్టాను. వేడెక్కితే దానంతటదే చన్నీళ్లు తిరుగుతాయి. పులిసేటప్పుడు బొగ్గుపులుసు వాయువు అడుగున పేరుకుంటుంది, తొట్టిలోకి దిగిన మనిషి ప్రాణం పోతుంది. అందుకని దిగేముందు కొవ్వొత్తి దించి చూడాలని ఆయన నాకు నేర్పాడు. ఆ ఏడు వైన్ బాగా కుదిరిందని అందరూ అన్నారు. తాగనివాడు చేసిన వైన్ అని నన్ను ఆటపట్టించారు. నేను తాగింది పులియకముందు పిండిన రసం, ఒక లోటాడు. చెరుకురసం కన్నా తీపి.

ఈ సంగతులన్నీ ఆదివారం ఆదివారం అమ్మకు ఫోన్లో చెప్పేవాణ్ణి. అక్కడ మధ్యాహ్నం పన్నెండైతే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. చింతపండు దొరక్క పుల్లటి ఆల్‌బుఖరా కాయలు వేసి చేపల పులుసు చేశానంటే పడీపడీ నవ్వింది. కానీ ద్రాక్షతోట మాట వస్తే మాత్రం, "అబ్బయా, ఆడ అందరూ తాగతారంట గదా" అనేది. "నేను తాగడంలేదుమా" అనేవాణ్ణి. "నువ్వు తాగవులే. వాళ్ల పక్కన ఎట్ట కూర్చుంటావుండావు?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండేది కాదు.

2012 మార్చిలో అమ్మను రప్పించాను. ఆరు వారాలుంది. అక్కడ మార్చి అంటే ద్రాక్ష కోతలు. కోతల పండుగను వెందీమియా అంటారు, 1936 నుంచి జరుగుతోంది. అమ్మకు పండుగ కన్నా కోతలు చూడాలని ఉంది. కూలీలు ఇరవై కిలోల గంపలు భుజాన పెట్టుకుని లారీ దాకా పరిగెత్తుతారు. గంపకొక బిళ్ల ఇస్తారు. వారం చివర బిళ్లలు లెక్కపెట్టి డబ్బు. చాలామంది ఉత్తరాది నుంచి, బొలీవియా నుంచి వచ్చిన వలస కూలీలు. అమ్మ గట్టు మీద కూర్చుని చాలాసేపు చూసింది. "శనివారం ఈ బిళ్లల డబ్బు యాడికి పోతుంది?" అని అడిగింది. నాలుగేళ్లలో నాకు రాని ప్రశ్న అది.

జవాబు ఆ శనివారం సాయంత్రమే దొరికింది. బస్టాండు దగ్గర కాలవ గట్టున ఒకతను పడి ఉన్నాడు. పక్కన అట్టపెట్టెలో అమ్మే చవక వైన్, ఖాళీది. వేళ్లన్నీ ద్రాక్ష మరకలు. జనం దాటుకుని పోతున్నారు. అమ్మ ఆగి, కాలవలో జారకుండా అతని కాలు పైకి జరిపింది. "ఈడ కూడా ఉండాదే" అని మాత్రం అంది.

మర్నాడు ఆదివారం. అమ్మ పొద్దున్నే లేచి పెద్ద గిన్నెడు చిత్రాన్నం చేసింది, అక్కడ నిమ్మకాయలకు కొరతలేదు. బల్ల దగ్గర తాత పక్కన కూర్చోబెట్టారు. తాత సీసా ఎత్తగానే అమ్మ భుజాలు బిగుసుకోవడం నాకు కనపడింది. అమ్మ గ్లాసులో ఆయన ఏమీ అడగకుండా సోడా పోశాడు. ఆమె మధ్యాహ్నమంతా ఆయన గ్లాసే చూస్తూ కూర్చుంది. తాత భార్య అది గమనించింది. అన్నాలయ్యాక అమ్మ పక్కకు వచ్చి కూర్చుని, నన్ను మధ్యలో మాటలు మార్చమని, తన తమ్ముడి సంగతి చెప్పింది. అతను కూడా ఇదే బల్ల దగ్గర పెరిగినవాడే. పని పోయాక బల్ల దగ్గరికి రావడం మానేసి ఒంటరిగా గదిలో తాగడం మొదలుపెట్టాడట. సిగ్గుపడి మేమూ పిలవడం మానేశాం, అంది. ఎక్కువ కాలం బతకలేదు. ఇద్దరు ముసలివాళ్లూ చేతులు పట్టుకుని కూర్చున్నారు. నేను మార్చాల్సిన మాటలు ఇక లేవు.

ఆ రాత్రి ఇంటికి వచ్చాక అమ్మ అంది: "ఆయన తాగినా కూర్చున్న చోటే ఉండాడు. మీ నాయన ఇంట్లో కూర్చుని అన్నం తిన్నది నాకు గుర్తులేదు. అంగడి కాడ తాగి, అంగడి కాడే పడిపొయ్యేవాడు. నేనూ ఎప్పుడూ రమ్మనలా. వస్తే కొడతాడని భయం." కాసేపాగి, "అయినా నీ ఒట్టు నీదే" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

మీరు అపార్థం చేసుకోవద్దు. వైన్ మంచిదని నేను చెప్పడం లేదు. సీసా ఖరీదైనదైతే కాలేయం జాలిపడదు. మా అమ్మ, మీ అమ్మలు సారా అంగడి ముందు కూర్చుని చేసింది న్యాయమైన పని. బల్ల ఉన్నా మనిషి పోతాడని తాత భార్య తమ్ముడే సాక్ష్యం. నేను నేర్చుకున్నది వేరే. ఒట్టు నిలబెట్టుకున్నానన్న గర్వంతో నేను చేసిన తప్పు ఒకటుంది, అది చెప్పడానికే ఇంతసేపు తీసుకున్నాను.

మా 1985 బ్యాచ్‌లో నా పక్క బెంచీ మిత్రుడు ఒకడుండేవాడు. పేరు చెప్పను. లెక్కల్లో నాకన్నా చురుకు. నా పరీక్ష ఫీజు పోయిన రోజు, తన ఫీజు నాకిస్తానన్నవాడు. తర్వాత తాగుడులో పడ్డాడు. నేను ఊరికి వచ్చినప్పుడల్లా కబురు పంపేవాడు. "వాడు తాగుంటాడు, నాకు పడదు" అని వెళ్లేవాణ్ణి కాదు. పెళ్లిలో కనిపించినా పక్క పంక్తిలో కూర్చున్నాను. 2007లో పోయాడు. మెండోసాలో నాలుగేళ్లు, ముక్కూ మొహం తెలియని వాళ్ల వైన్ బల్ల దగ్గర సోడా తాగుతూ కూర్చోగలిగాను. నా సొంత మిత్రుడి పక్కన ఒక్క పూట కూర్చోలేకపోయాను. కూర్చుంటే బతికేవాడని చెప్పను. అది నాకు తెలియదు. కూర్చోలేదన్నది మాత్రం తెలుసు.

అమ్మ పోయి నాలుగేళ్లయింది. తాత అంతకుముందే పోయాడు. థర్మోస్టాట్ ఇంకా పనిచేస్తోందని ఓనరమ్మ అప్పుడప్పుడు ఫోన్లో చెబుతుంది.

సంఘానికి నాదొక విన్నపం. మన పూర్వ విద్యార్థుల కలయిక అంటే పగలు సభ, సన్మానం, శాలువాలు. రాత్రి లాడ్జి గదిలో సీసాలు. ఆడపిల్లలు, గురువులు, తాగనివాళ్లు పగటికే వెళ్లిపోతారు. రాత్రికి మిగిలేవాళ్లు మిగులుతారు. వాళ్లలో ఎవరు మునుగుతున్నారో పగటివాళ్లకు తెలియదు. నేననేది, నెలకొక ఆదివారం ఈ బడి వరండాలోనే సహపంక్తి భోజనం పెట్టుకుందాం. కుటుంబాలతో వద్దాం. అన్నం అయ్యాక చేయి కడుక్కుని వెళ్లిపోకుండా సాయంత్రం దాకా కూర్చుందాం. మొదటి ఏడాది ఖర్చు నేను భరిస్తాను. బడిలో సీసా ఉండదు, అది వేరే చెప్పక్కర్లేదు. కానీ తాగే మనిషిని రావద్దని మాత్రం ఎవరూ అనకూడదు. రాని వాళ్లకు ఒక ఆకు వేసి ఉంచుదాం. రెండు నెలలు ఆ ఆకు ఖాళీగా ఉంటే, ఇద్దరం పోయి పిలుచుకొద్దాం. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి.

చేపల పులుసు నేను చేస్తాను. ఈసారి చింతపండుతోనే.